చంద్రుడి మీద రొట్టె, అంగారకుడి మీద ఆదివారం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో చంద్రుడి మీద స్థావరాలు కట్టే ప్రయత్నాల గురించి వచ్చిన వ్యాసం చదివి, ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాల పాఠకులు ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు రాశారు. మనుషులు భూమిని దాటి కాపురాలు పెట్టే రోజు వస్తే అక్కడ క్రైస్తవ విశ్వాసానికి పని ఏమిటి అన్నదే వాటిలో ఎక్కువ ఉత్తరాల సారాంశం. కళాశాలలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, మా ఊరి సంఘంలో పెద్దగా ఉంటున్న నాకు ఈ ప్రశ్న మనసుకు దగ్గరిది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయించాను.

ప్రశ్న: మాస్టారూ, చంద్రుడి మీద మనిషి మొట్టమొదట తిన్నది ప్రభురాత్రి భోజనపు రొట్టె అని మా సండే స్కూల్లో చెప్పారు. ఇది నిజమేనా? నిజమైతే ఆ విషయాన్ని అప్పట్లో ఎందుకు దాచారు? – డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిజమే. 1969 జూలై 20న అపోలో-11 దిగుడు నౌక చంద్రుడి నేలను తాకిన తరవాత, ఇద్దరు వ్యోమగాములూ ఇంకా బయట అడుగు పెట్టకముందే, బజ్ ఆల్డ్రిన్ ప్రభు బల్ల (యేసు చివరి విందును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం) తీసుకున్నాడు. ఆయన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో వెబ్‌స్టర్ ప్రెస్బిటేరియన్ సంఘంలో పెద్ద. తన సంఘ కాపరి ఇచ్చిన చిన్న రొట్టె ముక్కనూ, కొద్దిపాటి ద్రాక్షారసాన్నీ, వేలెడంత వెండి గిన్నెనూ తన సొంత వస్తువుల్లో పెట్టుకుని వెళ్లాడు. చంద్రుడి ఆకర్షణ మన భూమి ఆకర్షణలో ఆరో వంతే కాబట్టి, గిన్నెలో పోసిన రసం తాపీగా అంచు వెంబడి పైకి ఒంపు తిరిగిందని ఆయన తరవాత రాసుకున్నాడు. ఒక కాగితం మీద ముందే రాసిపెట్టుకున్న యోహాను సువార్త వాక్యాన్ని, "ద్రాక్షావల్లిని నేను, తీగెలు మీరు" అన్నదాన్ని, తనలో తాను చదువుకున్నాడు. పక్కనున్న ఆర్మ్‌స్ట్రాంగ్ మౌనంగా చూస్తూ ఉన్నాడు.

దాచడం వెనక ఒక కారణం ఉంది. అంతకు ఏడు నెలల ముందు, 1968 క్రిస్మస్‌కు ముందురోజు రాత్రి, అపోలో-8లో చంద్రుడి చుట్టూ తిరుగుతూ ముగ్గురు వ్యోమగాములు ఆదికాండము మొదటి పది వచనాలను లోకమంతా వింటుండగా చదివారు. ప్రభుత్వ సొమ్ముతో మత ప్రచారం చేస్తున్నారంటూ మాడలిన్ మర్రే ఓహేర్ అనే నాస్తికవాది నాసా మీద దావా వేసింది. కోర్టులు ఆ దావాను తరవాత కొట్టివేశాయి గానీ, అప్పట్లో వివాదం వద్దనుకున్న అధికారులు, ప్రార్థనను రేడియోలో వినిపించవద్దని ఆల్డ్రిన్‌ను కోరారు. ఆయన ఒప్పుకున్నాడు. వింటున్నవారు ఎవరైనా, ఎక్కడున్నా, ఒక్క క్షణం ఆగి, గత కొన్ని గంటల్లో జరిగినదాన్ని తలచుకుని, ఎవరి పద్ధతిలో వారు కృతజ్ఞతలు చెప్పుకోవాలని మాత్రం రేడియోలో అడిగి, ఆ మౌనంలో రొట్టె తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆయనే ఒక పత్రికలో రాసేదాకా ఈ సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు.

చాలా ఏళ్ల తరవాత, 2009లో వచ్చిన తన ఆత్మకథలో ఆల్డ్రిన్ దీని మీద తిరిగి ఆలోచించాడు. తాము వెళ్లింది సమస్త మానవజాతి పేరున కాబట్టి, మళ్లీ అవకాశం వస్తే ఒక్క మతానికి చెందిన సంస్కారాన్ని చంద్రుడి మీద చేసి ఉండేవాణ్ని కాదేమోనని రాశాడు. నాకు ఆయన మనస్తాపం అర్థమవుతుంది గానీ, ఆ పని తప్పని నేను అనుకోను. ఆయన అక్కడ శిలువ పాతలేదు, ఎవరినీ తనతో కలవమని ఒత్తిడి చేయలేదు, తన ఆకలికి తన రొట్టె తిన్నాడు. మా సంఘంలో నెల మొదటి ఆదివారం అల్యూమినియం పళ్లెంలో వేలెడు గ్లాసులు వరసగా పేర్చి వరసల్లోకి పంపుతుంటే, ఆ పళ్లెం నా చేతికి వచ్చిన ప్రతిసారీ ఆ చిన్న గిన్నె గుర్తుకొస్తుంది. వెబ్‌స్టర్ సంఘం ఇప్పటికీ ఏటా జూలై 20కి దగ్గరి ఆదివారాన ఆ సంఘటనను జ్ఞాపకం చేసుకుంటూ ప్రభు బల్ల ఆచరిస్తుంది.

ప్రశ్న: "ఆకాశములు యెహోవా వశము, భూమిని ఆయన నరులకిచ్చియున్నాడు" అని 115వ కీర్తనలో ఉంది కదా. మరి ఇవ్వని చోటికి మనిషి పోవడం దేవుని హద్దు దాటడం కాదా? బాబెలు గోపురం కథ మనకు చెప్పేది అదే కదా? – విశ్రాంత ఉపాధ్యాయులు, కాకినాడ

జవాబు: మీరు ఎత్తిచూపిన వచనం ఈ చర్చకు ఆయువుపట్టు వంటిది, అందుకు కృతజ్ఞతలు. ఆ కీర్తన మొత్తం చదివితే, చేతితో చేసిన విగ్రహాలకూ సృష్టికర్తకూ గల తేడాను పాడేదే తప్ప, ప్రయాణాలకు హద్దు గీసేది కాదని తెలుస్తుంది. "నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు" అని 139వ కీర్తన అంటుంది. అక్కడికి ఎక్కడం పాపమని ఆ కవి అనుకోలేదు, అక్కడ కూడా దేవుని నుంచి తప్పించుకోలేమని అన్నాడు. బాబెలు సంగతికి వస్తే, ఆ కథలో ఆకాశమంటే గోపురం కట్టబూనినవారి తప్పు దాని ఎత్తు కాదు. "మనము పేరు సంపాదించుకొందము" అన్న మాటే వారి తప్పు.

అయితే మీ వచనాన్ని నేను పక్కన పెట్టడం లేదు. భూమిని ఇచ్చాడు, ఆకాశాన్ని ఇవ్వలేదు అన్న మాటను రాకపోకల నిషేధంగా గాక యాజమాన్య నిషేధంగా చదివితే, అది మన కాలానికి ఎంత సూటిగా తగులుతుందో చూడండి. 1967లో సంతకాలై, అదే ఏడాది అక్టోబరులో అమల్లోకి వచ్చిన అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణ, చంద్రుణ్ని గానీ ఇతర గ్రహాలను గానీ ఏ దేశమూ తన సొంతమని ప్రకటించుకోకూడదని చెబుతుంది. దౌత్యవేత్తలు రాసిన ఆ మాటకూ కీర్తనకారుడి మాటకూ మధ్య నాకు పెద్ద దూరం కనిపించదు. ఇచ్చిన భూమి విషయంలో కూడా ఆదికాండము రెండో అధ్యాయం నరుణ్ని తోటలో "సేద్యపరచుటకును దాని కాచుటకును" ఉంచాడని చెబుతుంది. కాచే పని అప్పగించినవాడికి ఆస్తి హక్కు రాసిచ్చినట్టు కాదు.

ఇంకొక్క మాట. మధ్యయుగపు క్రైస్తవ సభ ఆకాశాన్ని మూసిన గదిలా చూసిందని చాలామంది అనుకుంటారు. కానీ దేవుడు ఒకటి కన్నా ఎక్కువ లోకాలను సృష్టించలేడు అని అరిస్టాటిల్‌ను అనుసరించి చేసిన వాదాన్ని 1277లో పారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియే ఖండించాడు. దేవుడు ఎన్ని లోకాలు చేయగలడో అరిస్టాటిల్ నిర్ణయించలేడన్నది ఆయన భావం. అపోలో-11 చంద్రుడి మీద వదిలివచ్చిన చిన్న సిలికాన్ బిళ్ల మీద 73 దేశాల నాయకుల సందేశాలు సూక్ష్మాక్షరాల్లో ఉన్నాయి. వాటిలో మన ఇందిరా గాంధీ సందేశం ఒకటి, పోప్ ఆరవ పౌలు పంపిన ఎనిమిదవ కీర్తన ఒకటి. "నీవు కలుగజేసిన చంద్రనక్షత్రములను నేను చూడగా... వాడు ఏపాటివాడు?" అన్న కీర్తన ఇవాళ చంద్రుడి దుమ్ములోనే పడి ఉంది.

ప్రశ్న: మొదటి వ్యోమగామి గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లి "నాకు అక్కడ దేవుడు కనిపించలేదు" అన్నాడట కదా? – పాఠకుడు, విజయవాడ

జవాబు: 1961 ఏప్రిల్ 12న ఆయన ప్రయాణంలో మాట్లాడిన మాటల లిఖితప్రతుల్లో ఆ వాక్యం లేదు. అప్పటి సోవియట్ ప్రభుత్వపు నాస్తిక ప్రచారం ఆయన పేరుకు దాన్ని అంటగట్టింది. ఇవాళ రష్యన్ రాకెట్లు ఎగిరే బైకనూర్ కేంద్రంలో రాకెట్టు ఎగిరే ముందు ఆర్థడాక్స్ గురువు వచ్చి దాని మీద మంత్రజలం చల్లడం మామూలైపోయింది.

ప్రశ్న: నేను నర్సుగా పనిచేస్తున్నాను. వారాల తరబడి డ్యూటీల వల్ల ఆదివారం ఆరాధన తప్పిపోతుంటేనే మనసు వెలితిగా ఉంటుంది. అంగారక గ్రహం మీద ఉండేవాళ్లకు ఆదివారం ఎలా తెలుస్తుంది? ఈస్టర్, బాప్తిస్మం, ప్రభు బల్ల ఇవన్నీ ఎలా జరుగుతాయి? – పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఉన్న వెలితే ఈ ప్రశ్నకు అసలు మూలం, దాన్ని అంతరిక్షంలో ఉన్నవాళ్లూ అనుభవించారు.

ముందు లెక్క చెబుతాను. అంగారకుడి మీద ఒక పగలూ రాత్రీ కలిపి మన గడియారంలో 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. రోజుకు ఆ నలభై నిమిషాలు పోగుపడుతూ పోతే, సుమారు 36 రోజులకు అక్కడి క్యాలెండరు మన క్యాలెండరు కన్నా ఒక రోజు వెనకబడుతుంది. అంటే అక్కడివారు ఏడో సూర్యోదయాన్ని లెక్కపెట్టుకుని ఆరాధనకు కూడితే, రెండు నెలలు తిరగకుండానే ఇక్కడ సికింద్రాబాదులో అది సోమవారమో మంగళవారమో అయ్యే రోజు వస్తుంది. ఈస్టర్ ఇంకా చిక్కు. మార్చి 21న గానీ ఆ తరవాత గానీ వచ్చే పున్నమి గడిచిన ఆదివారం అన్నది మన సూత్రం. అంగారకుడి సంవత్సరం మన రోజుల్లో 687. దానికి చంద్రులు ఇద్దరు. వారిలో ఫోబోస్ ఏడు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలకే గ్రహాన్ని చుట్టివస్తూ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తాడు. ఆ పున్నమితో పండుగ లెక్కించలేము. అందువల్ల అక్కడి సంఘం పండుగలను భూమి క్యాలెండరుతోనే ముడిపెట్టుకోవాలి, వారపు విశ్రాంతిని మాత్రం తమ సూర్యుణ్ని చూసి పాటించాలి అని నా అభిప్రాయం. యెరూషలేములో ఖాళీ సమాధిని చూసిన ఉదయం ఈ భూమి మీదిది, దాని జ్ఞాపకం ఈ భూమి తేదీతో కలిసి నడవడం సబబు. విశ్రాంతి ఒళ్లు అలిసిన మనిషిది, అది అతని పగలూ రాత్రీ ప్రకారమే ఉండాలి.

ప్రభు బల్ల విషయంలో ఇప్పటికే అనుభవం ఉంది. 1994 ఏప్రిల్‌లో ఎండెవర్ నౌకలో కథోలిక వ్యోమగాములు ముగ్గురు, కెవిన్ చిల్టన్, సిడ్ గుటియెరెజ్, థామస్ జోన్స్, ఒక ఆదివారం గాలిలో తేలుతూ సత్‌ప్రసాదం (ప్రభు బల్ల రొట్టె) పంచుకున్నారు. 2013లో మరో వ్యోమగామి మైక్ హాప్కిన్స్ తన మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) అనుమతితో ఆరు సత్‌ప్రసాద అప్పాలను అంతరిక్ష కేంద్రానికి తీసుకువెళ్లి, ఒక్కొక్కదాన్ని నాలుగు ముక్కలు చేసి, వారానికి ఒక ముక్క చొప్పున 24 వారాలు గడిపాడు. ఆ లెక్కలో ఎంత పొదుపు ఉందో, ఎంత ఆకలి ఉందో చూడండి. చంద్రుడి చుట్టూ తిరిగివచ్చే ఆర్టెమిస్-2 యాత్రకు పైలట్‌గా ఎంపికైన విక్టర్ గ్లోవర్ కూడా అంతరిక్ష కేంద్రంలో ఉన్న నెలల్లో బైబిలునూ ప్రభు బల్లకు కావలసినవాటినీ వెంట ఉంచుకున్నాడు.

కానీ ఆరు నెలల ప్రయాణానికి డబ్బీలో పట్టుకుపోయేది, తరాల కాపురానికి చాలదు. గోధుమ రొట్టె, ద్రాక్షారసం తప్ప మరొకటి పనికిరాదని కథోలిక సభ నియమం. కాబట్టి అక్కడి గాజు ఇళ్లలో కూరగాయలతో పాటు ఒక మడి గోధుమ, ఒక ద్రాక్ష తీగ పెంచవలసి ఉంటుంది. పాప సంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడం, గురువు ఎదుటే జరగాలి. రేడియో మాట అంగారకుడికి చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి మూడు నిమిషాల నుంచి ఇరవై రెండు నిమిషాల దాకా పడుతుంది, జవాబు రావడానికి మళ్లీ అంతే. కనుక భూమి మీది గురువులు అక్కడి సంఘాన్ని దూరం నుంచి నడపలేరు. అక్కడే గురువులను అభిషేకించాలి, అక్కడే పెద్దలను ఎన్నుకోవాలి.

బాప్తిస్మం గురించి రాసేటప్పుడు నాకు ఒక విషయం మనసుకు హత్తుకుంది. అంతరిక్ష కేంద్రంలో బరువు లేని స్థితిలో నీరు తొట్టిలో నిలవదు, గోళమై తేలుతుంది, కాబట్టి ముంచి ఇచ్చే బాప్తిస్మం అక్కడ కుదరదు. అంగారకుడి ఆకర్షణ మన భూమి ఆకర్షణలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే ఉంది గనుక తొట్టిలో నీరు నిలుస్తుంది. అయితే ఆ నీరు ఎలాంటిది? 2023లో అంతరిక్ష కేంద్రంలో చెమట, మూత్రం, ఊపిరి తేమ నుంచి 98 శాతం నీటిని తిరిగి తాగునీరుగా మార్చగలిగారు. అంగారకుడి మీది కాపురం కూడా అలాగే నడవాలి. అంటే ఒక బిడ్డను ముంచిన నీరు మర్నాడు ఆ ఊరంతా తాగే నీరవుతుంది, అంతకుముందు అది ఆ ఊరందరి చెమట.

ఇతర మతాల వారూ ఈ సాధన మొదలుపెట్టారు. 2007లో మలేసియా వ్యోమగామి వెళ్లినప్పుడు ఆ దేశపు మతపెద్దలు ఖిబ్లా (మక్కా వైపు) దిక్కు, నమాజు వేళలు, ఉపవాసం గురించి మార్గదర్శకాలు రాసి ఇచ్చారు. మన సంఘాలు ఇంతవరకు అంత శ్రద్ధగా కూర్చుని రాయలేదన్నది నా బాధ.

ఇక స్థావరంలో గుడి ఎలా ఉంటుందో ఊహించాలంటే అంటార్కిటికా చూడాలి. మెక్‌మర్డో కేంద్రంలో 1956లో అమెరికా నౌకాదళపు నిర్మాణ సిబ్బంది మిగిలిపోయిన సామగ్రితో మొదటి ప్రార్థనాలయం కట్టారు. అది 1978లో కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. కింగ్ జార్జ్ దీవిలో రష్యన్ల చెక్క గుడి 2004 నుంచి ఉంది, గాలికి ఎగిరిపోకుండా దాన్ని గొలుసులతో కట్టి ఉంచారు. బరువు లెక్కపెట్టి సామాను పంపే చోట కూడా మనుషులు ముందు గుడికి చోటు చూసుకున్నారు.

ప్రశ్న: ఓడల వెంట మిషనరీలు వచ్చారు, వారి వెనక తుపాకులు వచ్చాయి. రాకెట్ల విషయంలోనూ అదే జరగదని నమ్మకమేమిటి? – అధ్యాపకులు, ఖమ్మం

జవాబు: మీ అనుమానం న్యాయమైనది, దాన్ని దాటవేయడం క్రైస్తవుడిగా నాకు తగదు. 1493లో పోప్ ఆరవ అలెగ్జాండర్ పడమటి సముద్రంలో కనిపించిన భూములను స్పెయిన్ రాజులకు రాసిచ్చాడు. మరుసటి ఏడాది తోర్దెసిల్లాస్ ఒప్పందంలో స్పెయిన్, పోర్చుగల్ పటం మీద ఒక గీత గీసి లోకాన్ని పంచుకున్నాయి. అక్కడివారిని చంపుతుంటే, బానిసలను చేస్తుంటే బార్తొలొమె దె లాస్ కాసాస్ వంటి గురువులు రాజు ముందే వాదించారన్నది నిజం. వారి మాట నెగ్గలేదన్నదీ నిజమే. "కనుగొన్నవాడిదే భూమి" అన్న ఆ సిద్ధాంతం కథోలిక బోధలో భాగం కాదని, దాన్ని త్యజిస్తున్నామని వాటికన్ ప్రకటించింది 2023 మార్చి 30న. 530 ఏళ్లు పట్టింది.

అంగారకుడి మీద మనకు తెలిసినంతలో ఎవరూ లేరు. అక్కడ జరగగల అన్యాయం స్థానికుల మీద కాదు, వెళ్లినవారి మీదే. దీన్ని మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ గాలి ఉచితం కాదు. నీరు, వెచ్చదనం, తిరుగు ప్రయాణపు సీటు, ఇంటికి మాట్లాడే రేడియో, ఇవన్నీ ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. జీతం ఇచ్చేవాడే గాలి ఇచ్చేవాడైన చోట, పని మానేస్తానని చెప్పే స్వేచ్ఛ మనిషికి ఎక్కడుంటుంది? ఒడంబడిక కూలీలుగా ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్, మారిషస్, ఫిజీలకు పోయిన మన తెలుగువారి వారసులకు ఈ ప్రశ్న ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే సంఘం పని ఏమిటో మన ఒంగోలు చరిత్రలో కనిపిస్తుంది. 1876–78 కరవులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని వారు అడుగుతున్నా, కూలి, గింజలు తన చేతి మీదుగా పోతున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. సాయం ఆగిపోయి, ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పిన తరవాత కూడా వారు అడిగితేనే అంగీకరించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సంఘాలు ఏటా గర్వంగా చెప్పుకుంటాయి. నాకు మాత్రం అంతకుముందు గడిచిన నెలలే ముఖ్యం. రొట్టె చేతిలో ఉన్నవాడు ఆత్మ మీద చెయ్యి వేయకూడదని ఆయన ఆ నెలల్లో ఆచరించి చూపాడు. ఆ ఏటి ఒడ్డున నిలబడి నీళ్లను చూసినప్పుడల్లా ఆయన అలా ఆగి చూసిన తీరునే తలచుకుంటాను.

అంతరిక్ష కాపురాలకు మన విశ్వాసం ఇవ్వగల మొదటి నియమం ఇదే కావాలి. గాలి మీటను తిప్పే చేతికి ప్రార్థన పుస్తకం ఇవ్వకూడదు, ప్రార్థన పుస్తకం పట్టుకున్నవాడికి గాలి మీట ఇవ్వకూడదు. అంటే సంఘ కాపరి జీతం స్థావరపు యజమాని నుంచి రాకూడదు, ఆరాధనకు రానివాడి వాటా నీరు ఒక్క చుక్క తగ్గకూడదు, యజమానికి నచ్చని ఫిర్యాదు వినడానికి ఒక తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను నేటాల్‌కు పంపింది. కెర్స్నీ తేయాకు తోటల్లో మనవాళ్ల మధ్య ఉండి, వారి భాషలో వారికి సంఘం కట్టిన మనిషి ఆయన. సముద్రం దాటిన కూలీల వెనక వారి ఊళ్ల సంఘం తన మనిషిని పంపింది. చంద్రుడి గనుల్లో పనిచేసేవారి వెనక ఎవరిని పంపుతాం అన్నది మన తరవాతి తరం సంఘాలు వేసుకోవలసిన ప్రశ్న.

ఏడో రోజు విశ్రాంతి కూడా ఇలాంటి రక్షణే. 1973–74లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రపు చివరి బృందం మీద పని ఎంతగా మోపారంటే, డిసెంబరు 30న వారు భూమి మీది అధికారులతో మనసు విప్పి మాట్లాడి, విశ్రాంతి వేళలు సరిచేయించుకోవలసి వచ్చింది. యంత్రాలకు ఆదివారం లేదు. "నీ దాసుడైనను నీ దాసియైనను" పని చేయకూడదని రాసిన ఆజ్ఞ యజమానులను ఉద్దేశించినది.

ప్రశ్న: వేరే గ్రహాల మీద బుద్ధి గల ప్రాణులు ఉంటే, క్రీస్తు వారి కోసం కూడా మరణించినట్టా? – పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇంతవరకు అటువంటి ప్రాణి జాడ ఎవరికీ దొరకలేదు. ప్రశ్న మాత్రం పాతదే. 1440లోనే నికొలస్ ఆఫ్ కూసా ఇతర లోకాల్లో నివాసులు ఉండవచ్చని రాశాడు. ఆయన తరవాత కార్డినల్ అయ్యాడు. ఇతర గ్రహవాసులు సృష్టిలో మనకు సోదరులే అవుతారని, అలా నమ్మడం విశ్వాసానికి విరుద్ధం కాదని 2008లో వాటికన్ వేధశాల అధిపతి హొసే ఫునెస్ అన్నారు. ఆయన తరవాత ఆ పదవిలోకి వచ్చిన గై కన్సల్మాన్యో, పరగ్రహవాసికి బాప్తిస్మం ఇస్తారా అని అడిగితే, వారు అడిగితేనే ఇస్తానన్నారు. క్లౌ దొర ఒంగోలులో ఆచరించింది కూడా అదే పద్ధతి కాబట్టి ఆ జవాబుతో నేను ఏకీభవిస్తాను. వారికి విమోచన అవసరమో కాదో, దేవుడు వారితో ఏ రూపంలో మాట్లాడాడో వారే మనకు చెప్పాలి. మనం వినడానికి సిద్ధపడాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, అంతరిక్ష శాస్త్రం చదువుతానంటోంది. రాకెట్టు ఎగిరే ముందు ఇస్రో పెద్దలు తిరుమలకూ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్తారు కదా, మన పిల్లకు అక్కడ ఇబ్బంది ఉండదా అని మా సంఘంలో కొందరు అంటున్నారు. – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: వెళ్లనివ్వండి. తమ పని ఫలించాలని తమ దేవుణ్ని వేడుకోవడం ఆ పెద్దల విశ్వాసం, దాన్ని మనం గౌరవించాలి. మీ అమ్మాయి తన ప్రార్థన తాను చేసుకుంటుంది.

ఆ సంస్థ పుట్టిన చోటు సంగతి మీ సంఘంలో వారికి చెప్పండి. భూమి అయస్కాంత మధ్యరేఖ కేరళ తీరంలోని తుంబా అనే జాలరి పల్లె మీదుగా పోతుంది కాబట్టి, పై వాతావరణాన్ని శోధించే రాకెట్లకు అదే తగిన చోటని విక్రమ్ సారాభాయ్ గుర్తించారు. ఆ స్థలంలో మగ్దలేనా మరియమ్మ గుడి, బిషప్పు ఇల్లు, చుట్టూ జాలరుల ఇళ్లు ఉన్నాయి. సారాభాయ్ వెళ్లి అడిగితే, బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరైరా తనంతట తాను నిర్ణయించకుండా ఆదివారం పూజలో ఆ మాటను జనం ముందు పెట్టారని, శాస్త్రజ్ఞుడి పనీ తన పనీ రెండూ మనుషుల మేలు కోసమేనని చెప్పి వారిని అడిగారని, వారంతా ఆమెన్ అన్నారని అబ్దుల్ కలాం చెప్పేవారు. జాలరి కుటుంబాలు మరో చోటికి తరలాయి. గుడి రాకెట్ కేంద్రానికి తొలి కార్యాలయమైంది. 1963 నవంబరు 21న అక్కడి నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది.

ఇల్లు వదిలిన ఆ జాలరుల త్యాగం గురించి చాలా తక్కువ రాశారన్నది నాకు తీరని లోటుగా ఉంది. ఆ గుడి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. నేను వెళ్లినప్పుడు ఒక జాలరి తల్లి చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, మోకాళ్ల మీద ఒక్క నిమిషం ఉండి, లేచి, మనవడికి రాకెట్టు నమూనాలు చూపించింది.

మీ అమ్మాయికి తిరువనంతపురంలోనే భారతీయ అంతరిక్ష విజ్ఞాన సాంకేతిక సంస్థ ఉంది. అందులో బీటెక్ ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా ఇస్తారు కాబట్టి గణితం ఇప్పటి నుంచే గట్టిగా చదివించండి. సీటు వస్తే చేర్పించడానికి మీరే వెంట వెళ్లండి, వెళ్లిన రోజు సాయంత్రం ఇద్దరూ కలిసి తుంబా గుడి చూసి రండి.